మైనస్ గారి వెతుకులాట

మా అన్నయ్యను ఆఫీసులో అందరూ మైనస్ గారు అంటారు. చాటుగా కాదు, ముఖం మీదే. అన్నయ్య కూడా ఆ పిలుపుకు తలెత్తి పలుకుతాడు. చివర గారు ఉంది కదా, అంతకంటే ఏం కావాలి అంటాడు.

ఆరంతస్తుల ప్రభుత్వ భవనంలో రికార్డుల గుమాస్తా ఉద్యోగం. ఇరవై ఏడేళ్ల సర్వీసులో మొదటి పదిహేనేళ్లు దుమ్ముతో గడిచాయి, మిగిలినవి కంప్యూటరుతో. ఆ కంప్యూటరు కూడా మొదట్లో అన్నయ్యకు గిట్టేది కాదు. తరవాత ఒక రెండు రోజుల శిక్షణ వచ్చింది. దానికి నిజానికి వేరే గుమాస్తా వెళ్లాలి, ఆ ఉదయం అతనికి నడుం పట్టేసింది. నడుం అతనిది, ఫలితం అనుభవించింది మేము.

ఇంటర్నెట్‌లో ఎలా వెతకాలో నేర్పే శిక్షణ అది. సెర్చి పెట్టెలో ఒక మాట ముందు ఖాళీ వదలకుండా చిన్న అడ్డగీత పెడితే, ఆ మాట ఉన్న పేజీలన్నీ పక్కకు తప్పుకుంటాయట. రెండు మూడు మాటల్ని కొటేషన్ గుర్తుల మధ్య పెడితే, అవి అచ్చంగా ఆ వరసలో ఉన్న పేజీలే వస్తాయట. సైట్ అని రాసి కోలన్ పెట్టి ఒక చిరునామా ఇస్తే ఆ ఒక్క చోటే గాలిస్తుంది. ఫైల్‌టైప్ అని రాసి కోలన్ పెట్టి పీడీఎఫ్ అంటే ఊసుపోక రాసినవన్నీ పోయి కాగితాలు మాత్రమే మిగులుతాయి. కొందరికి జ్ఞానోదయం కావడానికి జన్మ చాలదు. మా అన్నయ్యకు రెండో రోజు టీ విరామానికి ముందే అయిపోయింది.

శిక్షణ సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు. అంతకు ముందు ఆ మేకుకు వాళ్ల పెళ్లి ఫోటో ఉండేది. ఫోటో పడకగదిలోకి వెళ్లింది. వదిన ఆ సంగతి ఇంతవరకు మరచిపోలేదు, మమ్మల్నీ మరచిపోనివ్వలేదు.

ఇంట్లో మాట తీరు కూడా మారింది. వదినను బజారుకు పంపుతూ చెప్పులు, నల్లవి, మైనస్ ఎత్తు మడమ అని చీటీ రాసిచ్చేవాడు. మా అత్తయ్య ఎవరి గొడవో చెప్పబోతే, అత్తయ్యా, ఆవిడ అన్న మాటలు కొటేషన్లలో చెప్పు, నీ సొంతం కలపకు అనేవాడు. ఆ దెబ్బతో అత్తయ్య ఆ ఇంటికి వెళ్లడమే తగ్గించింది. వదిన మాత్రం ఒకే ముక్కలో తేల్చేసింది. ఆయనకి నా మాట ఎప్పుడూ రెండో పేజీలోనే వస్తుంది, రెండో పేజీ ఎవరు చూస్తారు అంది.

అయితే ఆఫీసులో అన్నయ్య విద్య లేకపోతే గడిచేది కాదు, అది ఒప్పుకోవాలి. అక్కడి మేనేజరు సెర్చి పెట్టెలో 'దయచేసి గత సంవత్సరపు సెలవుల జాబితా ఇప్పించగలరు' అని రాసి కింద తన హోదా కూడా టైపు చేసేవారు. జవాబు రాకపోతే గుర్తు చేస్తూ రెండోసారి రాసేవారు. అలాంటి చోట కొటేషన్లు తెలిసినవాడు దేవుడు కాక ఏమవుతాడు? బదిలీ నియమాలు, పాత సర్క్యులర్లు, పక్క శాఖ నివేదికలు, ఏది కావాలన్నా అందరూ అన్నయ్య బల్ల దగ్గర నిలబడేవాళ్లు. కోలన్ తరవాత ఖాళీ వదిలినవాణ్ణి అన్నయ్య, చెప్పులతో వంటింట్లోకి వచ్చినవాణ్ణి చూసినట్టు చూసేవాడు.

ఆ వైభవం కొంత దూరమే సాగింది. ఒకసారి పెద్ద డైరెక్టరు పర్యావరణం మీద గొప్ప ఉపన్యాసం ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టి ఊరుకున్నారు. మా అన్నయ్య ఊరుకుంటాడా, అందులో ఒక వాక్యం కొటేషన్లలో పెట్టి వెతికాడు. ఏడో తరగతి పిల్ల ఒకతె బడి పత్రికలో రాసిన వ్యాసం ఆ వాక్యంతో సహా బయటికొచ్చింది. అన్నయ్యకు ఆనందం పట్టలేదు. దాన్ని ప్రింటు తీసి, సారుకు ఉపయోగపడుతుందని, సారుకే ఇచ్చాడు. వారం తిరక్కుండా రెండో అంతస్తులో కిటికీ పక్కన ఉన్న అన్నయ్య కుర్చీ కింది అంతస్తులో మెట్ల కిందకు దిగింది. అన్నయ్యకు ఇప్పటికీ అర్థం కాని బదిలీ అది. ఎంత వెతికినా దాని కారణం దొరకలేదంటాడు.

ఇక అసలు సంగతి. మా ఆయన అదే భవనంలో లిఫ్టు మెకానిక్. పంతొమ్మిదేళ్లుగా అదే పని. నోట్లో నాలుక లేని మనిషి. పై అంతస్తు మీద ఉన్న మోటారు గది తాళం ఆయన నడుముకే ఉంటుంది. లిఫ్టు ఏ చిన్న చప్పుడు చేసినా, పిల్లాడు దగ్గితే తల్లికి తెలిసినట్టు ఆయనకు తెలుస్తుంది. రెండేళ్లుగా ఎడమవైపు లిఫ్టు ఒక తిక్క చేస్తోంది. మధ్యాహ్నం ఎండకు మోటారు గది వేడెక్కగానే, అంతస్తుకు సమంగా ఆగాల్సింది నాలుగు వేళ్లు కిందకు ఆగుతోంది. బ్రేకు బాగానే ఉంది, దాన్ని నడిపే కంట్రోల్ బోర్డే సరిగా లేదని మా ఆయన మేనేజరుకు చెబుతూనే ఉన్నారు. మేనేజరు లిఫ్టు కంపెనీకి ఫోను చేసి అడిగారు. మా బోర్డుకు ఏ జబ్బూ లేదు, మీ మెకానిక్ బిగింపులు చూసుకోండి అని కంపెనీ జవాబిచ్చింది. ఆడలేక మద్దెల ఓడు అంటున్నాడన్న పేరు మా ఆయనకు మిగిలింది.

చివరికి ఒక మధ్యాహ్నం డిప్యూటీ డైరెక్టరు లిఫ్టులోంచి అడుగు బయట పెట్టబోయి, ఆ నాలుగు వేళ్ల ఎత్తు తగిలి బోర్లా పడ్డారు. మణికట్టు విరిగింది. ఆయన వెళ్తున్నది ఉద్యోగుల భద్రత మీద మీటింగుకు. మీటింగు ఆగలేదు, ఆయన లేకుండానే జరిగి, భద్రత సంతృప్తికరంగా ఉందని తీర్మానించింది.

మెకానిక్ నిర్లక్ష్యం అని విచారణ వేశారు. సోమవారం పదకొండు గంటలకు. అది రుజువైతే లైసెన్సు రద్దు. లైసెన్సు పోతే మా ఆయన ఇంకే భవనంలోనూ లిఫ్టు ముట్టుకోవడానికి లేదు. యాభై దగ్గర పడిన మనిషి, చేతికి వచ్చిన పని అదొక్కటే. వారం రోజులు ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోవడం చూశాను. కళ్లలో నీళ్లు తిరగని పూట లేదు నాకు.

శనివారం ఉదయం అన్నయ్య లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. బోర్డులో లోపం ఉంటే ఆ కంపెనీ ఎక్కడో ఒక కాగితంలో రాసుకునే ఉంటుంది, ఆ కాగితం ఇంటర్నెట్‌లో ఉంటే తన చేతి నుంచి తప్పించుకోలేదు అన్నాడు. బావగారూ, మీరు కదలకండి అని మా ఆయన్ని ఒక మూల కూర్చోబెట్టాడు. నేను ఇచ్చిన టీ చల్లారిపోయింది. అన్నయ్య వెతకడం మొదలుపెడితే పక్కన బాంబు పడినా మైనస్ పెట్టేస్తాడు.

కంపెనీ పేరు కొటేషన్లలో పెట్టాడు. బోర్డు నంబరు పెట్టాడు. పక్కన లోపం అని రాశాడు. సైట్ కోలన్ పెట్టి కంపెనీ చిరునామా ఇచ్చాడు, పీడీఎఫ్‌లే కావాలన్నాడు. మైనస్ వీడియో, మైనస్ ప్రకటన, మైనస్ వార్త. ఏమీ రాలేదు. లోపం లేదా ప్రమాదం లేదా వైఫల్యం అని మూడింటినీ కలిపి అడిగాడు. సంవత్సరాలు మార్చాడు. సాయంత్రానికి ఒకే ఒక్క ఫలితం వచ్చింది. లోపం లేని సేవకుగాను ఆ కంపెనీకి దక్కిన బహుమతి. ఫోటోలో అందరూ నవ్వుతున్నారు.

కాగితం లేదమ్మా అని అన్నయ్య లాప్‌టాప్ మూశాడు. ఆ ఒక్క రోజుకే ముఖం పీక్కుపోయింది. తన విద్య వమ్మయిందన్న బాధ ఎక్కువా, బావ ఉద్యోగం బాధ ఎక్కువా అని నాకు అనుమానం వచ్చింది. వచ్చినందుకు తరవాత సిగ్గుపడ్డాను.

ఆదివారం పొద్దున మళ్లీ వచ్చాడు, మళ్లీ అవే మాటలు అటు తిప్పి ఇటు తిప్పి కొడుతున్నాడు. నేను పక్కన బట్టలు మడతపెడుతూ ఎంతసేపని చూస్తాను? నా ఉద్యోగం ఒక ఫ్రిజ్‌ల కంపెనీలో. కొన్నవాళ్లు పంపే ఫిర్యాదులకు జవాబులు రాస్తాను. పదకొండేళ్లుగా రోజుకు నలభై మందికి మర్యాదగా ఏమీ చెప్పకుండా ఉండటం నా పని. నాకు తిక్క రేగింది.

"అన్నయ్యా, తన సరుకులో లోపం ఉందని ఏ కంపెనీ అయినా రాసుకుంటుందా? మా ఫ్రిజ్ తలుపు ఊడి కాళ్ల మీద పడిందనుకో, తలుపు అమరికలో మెరుగుదల అని రాస్తాం. నువ్వు నీ బాధలోంచి మాట ఎంచుతున్నావు. ఆ కాగితం రాసింది నువ్వు కాదుగా, నాలాంటిదొకతె రాసి ఉంటుంది. దాని మాటతో వెతుకు."

అన్నయ్య నా వంక చూశాడు. చిన్నప్పటి నుంచి నేను చెప్పింది అన్నయ్య విన్న సందర్భాలు రెండో మూడో. ఇది ఒకటి. అప్పుడు, రెండు రోజుల్లో మొదటిసారి, మూల కూర్చున్న మా ఆయన్ని ఒక ప్రశ్న అడిగాడు. లిఫ్టు అంతస్తుకు సమంగా ఆగడాన్ని మీరేమంటారు బావగారూ అని. లెవెలింగ్ అంటాం అన్నారు మా ఆయన. ఇదేదో శనివారమే అడిగి ఉంటే బాగుండేది.

లెవెలింగ్, మెరుగుదల. ఈ రెండు మాటలు, బోర్డు నంబరు, కంపెనీ సైటు, పీడీఎఫ్. మైనస్‌లన్నీ తీసేశాడు. మూడు ఫలితాలు వచ్చాయి, రెండోదే మాకు కావలసింది. 'మీ ప్రయాణాన్ని మరింత ఆనందమయం చేసే లెవెలింగ్ పనితీరు మెరుగుదల సూచన' అని దాని పేరు. లోపల నాలుగు పేజీల ఆనందం తరవాత అసలు విషయం ఉంది. ఫలానా నంబరు బోర్డు వేడికి గురైనప్పుడు లిఫ్టు స్వల్ప వ్యత్యాసంతో ఆగవచ్చునట. స్వల్ప వ్యత్యాసం అంటే డిప్యూటీ డైరెక్టరు గారి మణికట్టు. ఈ సూచన అందిన కార్యాలయం కోరితే కొత్త బోర్డు ఉచితంగా మార్చి ఇస్తారట.

మా ఆయన ఆ పేజీని వేలితో తడిమి చూశారు, తెర అని మరచిపోయి. నేను ఆనందం పట్టలేక అన్నయ్య వీపు మీద ఒక్కటి చరిచాను. అన్నయ్య మాత్రం కదల్లేదు. చివరి పేజీ చివరి వరుస దగ్గర ఆగిపోయాడు. ఈ సూచన వినియోగదారుల కార్యాలయాలన్నింటికీ మెయిలు ద్వారా పంపబడినది అని ఉంది. తేదీ రెండేళ్ల కిందటిది.

ఆఫీసు మెయిలు చూసేది ఎవరు? మా అన్నయ్యే. వెతకడం వచ్చినవాడికి ఆ పని ఇవ్వక ఎవరికిస్తారు? అక్కడికి రోజూ నాలుగు వందల మెయిళ్లు వచ్చేవి, చాలావరకు ప్రకటనలే. పని చేతికి రాగానే అన్నయ్య ఒక నియమం రాసి పడేశాడు. ఆనందమయం, సరికొత్త, మెరుగుదల, మీ సంతృప్తి, ఈ మాటల్లో ఏది కనిపించినా ఆ మెయిలు ఎవరి కంటా పడకుండా 'అక్కర్లేనివి' అనే అరలోకి పోవాలి. నాలుగు వందలు ముప్పై అయ్యాయి. మేనేజరు మీటింగులో అందరి ముందూ మెచ్చుకున్నారు.

అన్నయ్య ఫోనులో ఆఫీసు మెయిలు తెరిచాడు. ఫ్రమ్ అని రాసి కోలన్ పెట్టి కంపెనీ పేరు ఇచ్చాడు. వచ్చిన మెయిళ్లలో ఏమీ లేవు. అన్ని అరల్లో వెతకమన్నాడు. మూడు ఉన్నాయి. మూడూ తెరవనివి. మొదటిది రెండేళ్ల కిందట, ఆఖరిది ప్రమాదానికి నెల ముందు.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే కదా అన్నయ్యా అనేశాను. ఇంకా చాలా అన్నాను. ఆ కాగితం ఒక్కటీ చూపించి లాభం లేదని ముగ్గురికీ తెలుసు. అందరికీ కనిపించే సైటులో ఉంటే మెకానిక్ ఎందుకు చదవలేదని మేనేజరు ఎదురు తిరుగుతారు. ఆఫీసుకు అందింది, అందినా మెకానిక్‌కు ఎవరూ చెప్పలేదు అని రుజువైతేనే మా ఆయన బయటపడతారు. ఆ రుజువు అన్నయ్య ఫోనులో ఉంది. దాన్ని చూపిస్తే బోనెక్కేది అన్నయ్య.

మా ఆయన నెమ్మదిగా, "వద్దులెండి బావగారూ, నా తిప్పలేవో నేను పడతాను" అన్నారు. ఆ మంచితనానికి నాకు ఒళ్లు మండింది. అన్నయ్య లాప్‌టాప్ సర్దుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం వదిన ఫోను చేసి, ఏమైందే, మీ అన్నయ్య సర్టిఫికెట్టు ముందు నుంచి లేవడం లేదు అంది. ఆ మూడు మెయిళ్లూ డిలీట్ చెయ్యడానికి ఒక్క వేలు చాలు. నా సొంత అన్నయ్య గురించి ఆ పూటంతా నేను అలాగే ఆలోచించాను.

సోమవారం విచారణ మూడో అంతస్తు మీటింగు గదిలో. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆ గది తలుపు ఎప్పుడూ పూర్తిగా మూసుకోదు, అందుకని అన్నీ వినపడ్డాయి, సగం కనపడ్డాయి. విచారణాధికారి వేరే ఊరి నుంచి వచ్చారు. త్వరగా తేల్చేసి రైలు అందుకోవాలన్న ఆత్రం ముఖంలోనే ఉంది. రికార్డులు చూపడానికి లోపల కూర్చున్న అన్నయ్య లేచి, కంపెనీ కాగితం, మూడు మెయిళ్ల ప్రింట్లు బల్ల మీద పెట్టాడు. డిలీట్ చెయ్యలేదన్నమాట.

అధికారి అవి చదివారు. కంపెనీ చెప్పింది, ఆఫీసుకు అందింది, మరి మెకానిక్‌కు ఎందుకు చేరలేదు అని అడిగారు. మేనేజరు చప్పున అందుకున్నారు. మెయిలు సిస్టంలో ఏదో సమస్య అయి ఉంటుందండి అన్నారు. ఆ మాటతో గదిలో అందరికీ ఊపిరి తిరిగింది. అధికారి టైపిస్టు వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. సాంకేతిక కారణాల వల్ల సమాచారం చేరలేదు, బోర్డు పనితీరులో మెరుగుదలకు అవకాశం ఉంది, మెకానిక్ మరింత అప్రమత్తంగా ఉండాలని లైసెన్సు మీద ఒక హెచ్చరిక. తిలాపాపం తలా పిడికెడు అంటారు కదా, ఇక్కడ పాపం గాలిలో కలిసిపోయింది, పిడికెడు మాత్రం మా ఆయనకు పెట్టారు.

మా ఆయన తల వంచుకుని సరేనన్నారు. లైసెన్సు మిగిలింది కదా, చాలు అనుకున్నారు. నేను లేచి నిలబడ్డాను, లోపలికి వెళ్లి ఏమంటానో నాకే తెలియదు. అంతలో అన్నయ్య గొంతు వినపడింది.

"సిస్టంలో సమస్య లేదండి. మెరుగుదల అన్న మాట ఉన్న మెయిళ్లన్నీ పక్కకు తొయ్యమని నేనే పెట్టాను. చదవకుండా తోశాను. తప్పు నాది. ఆయనకు హెచ్చరిక వద్దు."

మేనేజరు కంగారుగా, మైనస్ గారూ, ఎవరికీ ఏమీ కాకుండా తేలిపోతుంటే మధ్యలో మీకెందుకండీ ఈ గొడవ అన్నారు. అధికారి కూడా కళ్లజోడు తీసి, మీకు మెమో వస్తుంది, తెలుసా అన్నారు. సాంకేతిక కారణాలు అనే రాసుకుందాం, మీ పేరు లేకుండా, పోనీ ఆ హెచ్చరిక కూడా తీసేద్దాం అని బేరానికి కూడా వచ్చారు. అది ఒప్పుకుంటే సరిపోయేది. నేనైతే ఒప్పుకునేదాన్ని.

"అలా రాయకండి సార్. ఈ బోర్డు ఇంకా ఎన్ని భవనాల్లో ఉందో మనకు తెలీదు. రేపు అక్కడ ఎవరో పడతారు, అక్కడి మెకానిక్‌ని నిలబెడతారు. వాళ్లింట్లోవాళ్లు కూర్చుని వెతుకుతారు. లోపం అని వెతుకుతారండి, తప్పు అని వెతుకుతారు. మాకు రెండు రోజులు పట్టింది. వాళ్లకు దొరికే మాట రాయండి. నా పేరు కూడా రాయండి, నమ్ముతారు."

టైపిస్టు, ఏమని కొట్టమంటారు సార్ అని అడిగింది. అధికారి గడియారం చూసుకున్నారు, అన్నయ్య వైపు చూశారు. ఆయన చెప్పినట్టే కొట్టమ్మా అన్నారు. ఆవిడ అంతకుముందు కొట్టిన వాక్యాలు చెరిపేసింది.

అన్నయ్యకు మెమో వచ్చింది. మెయిలు పని తీసేసి ఇంకొకరికి ఇచ్చారు, ఆ ఇంకొకరికి ఇప్పుడు రోజుకు నాలుగు వందలు చదవాల్సి వస్తోంది, అన్నయ్యను తిట్టుకుంటున్నారు. కొత్త బోర్డు వచ్చింది. మా ఆయన లైసెన్సు మీద ఒక్క అక్షరం పడలేదు.

విచారణ నివేదికను ఆఫీసు సైటులో పెట్టారని తెలిసి నేను కూర్చుని వెతికాను. ఏ గుర్తులూ వాడలేదు, మైనస్‌లూ కోలన్లూ ఏమీ పెట్టలేదు. లిఫ్టు బోర్డు లోపం అని మామూలుగా రాశాను. మొదటి ఫలితం అదే. మా అన్నయ్య పూర్తి పేరు, హోదా, పక్కనే తప్పు అన్న మాట, మూడూ ఒకే వాక్యంలో ఉన్నాయి.